వెన్న ముద్దల సీమలో గుండెకోత

ఫిన్లండ్ తూర్పు కొసన, రష్యా సరిహద్దును ఆనుకుని ఉత్తర కరేలియా అనే సీమ ఉంది. అడవులు, సరస్సులు, వాటి మధ్య దూరదూరంగా విసిరేసినట్టుండే పల్లెలు. 1960లలో అక్కడి మగవాళ్లలో చాలామంది అడవిలో చెట్లు కొట్టేవాళ్లు, పాడి రైతులు. మోకాలి లోతు మంచులో దుంగలు లాగేవారు, చలికాలంలో స్కీల మీద మైళ్ల కొద్దీ తిరిగేవారు. వ్యాయామం చెయ్యండని వాళ్లకు చెప్పాల్సిన పని ఏ డాక్టరుకూ ఉండదు. అలాంటివాళ్లు నలభైల్లో, యాభైల్లో గుండెపోటుతో పోతున్నారు. 1970 ప్రాంతంలో 35 నుంచి 64 ఏళ్ల మగవాళ్లలో ఏటా లక్షకు 690 మంది దాకా గుండె ధమనుల జబ్బుతో చనిపోయేవారు. లెక్కలు రాసుకునే దేశాలన్నిటిలో ఇంత దారుణమైన అంకె మరొకటి లేదు.

ఈ సంగతి బయటి ప్రపంచానికి తెలియడానికి ఒక కారణం అమెరికా శాస్త్రవేత్త యాన్సెల్ కీస్. ఆయన 1950ల చివర్లో ఏడు దేశాల్లో మధ్యవయసు మగవాళ్ల తిండినీ, గుండెలనూ పోల్చే అధ్యయనం మొదలుపెట్టాడు. ఫిన్లండ్‌లో మార్టి కర్వొనెన్ ఆయనకు తోడయ్యాడు. అధ్యయనానికి ఎంచుకున్న చోట్లలో ఉత్తర కరేలియాలోని ఇలొమంట్సి ఒకటి. ఏళ్లు గడిచేకొద్దీ తేలిందేమిటంటే, గుండె మరణాల్లో తూర్పు ఫిన్లండ్ అన్నిటికన్నా పైన, గ్రీసుకు చెందిన క్రీటు ద్వీపం దాదాపు అట్టడుగున. దేశాల ఎంపిక మీద తర్వాత చాలా విమర్శలు వచ్చాయి. అవి కొట్టిపారేసేవి కావు. కానీ ఇలొమంట్సి ఇళ్లలో చావుల సంగతి ఏ విమర్శకుడూ కాదనలేదు.

ఆ ఇళ్లలో ఏం వండేవారో, ఎందుకు వండేవారో చూడాలంటే యుద్ధం దగ్గరికి వెళ్లాలి. రెండో ప్రపంచ యుద్ధంలో కరేలియాలో పెద్ద భాగం సోవియట్ యూనియన్ పాలైంది. నాలుగు లక్షల మందికి పైగా ఇళ్లూ వాకిళ్లూ వదిలి ఇవతలికి వచ్చారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకూ, ఈ నిర్వాసితులకూ ప్రభుత్వం భూమి ఇచ్చింది. అడవి నరికి పొలం చేసుకున్నారు. వేసవి పట్టుమని నాలుగు నెలలుండని నేలలో పంటలేం పండుతాయి? గడ్డి పెరుగుతుంది, గడ్డి తిని ఆవు పాలిస్తుంది. అలా పాడి బతుకుదెరువైంది. కరువు చూసిన తరం కాబట్టి వెన్న వాళ్లకు తిండి మాత్రమే కాదు, కష్టాలు గట్టెక్కాయనడానికి గుర్తు కూడా. రొట్టె మీద దళసరిగా వెన్న, చిక్కటి మీగడ పాలు, ఉప్పులో ఊరేసిన పంది మాంసం, ఉప్పు చేపలు. ఇంట్లో ఫ్రిజ్ లేని రోజుల్లో చలికాలానికి నిల్వ చేసుకోవడానికి ఉప్పే దిక్కు. కూరగాయల్ని చూసి ఇది పశువుల మేత కదా అనేవారట. ఇక యుద్ధంలో సైనికులకు రేషనుగా సిగరెట్లు పంచారు. యుద్ధం ముగిసినా అలవాటు పోలేదు. 1972లో చేసిన సర్వేలో సగానికి పైగా మగవాళ్లు పొగతాగేవాళ్లే. రక్తంలో కొలెస్టరాల్ సగటు డెసిలీటరుకు దాదాపు 267 మిల్లీగ్రాములు. ఇవాళ మన ఊళ్లో ఎవరికైనా ఆ అంకె వస్తే డాక్టరు వెంటనే మందు రాసిస్తాడు. అక్కడ అది ఊరంతటి సగటు!

నాలుక మీద అదుపు లేకపోవడం వల్ల వచ్చిన తిప్పలు కావివి. ఒక యుద్ధం, ఒక భూపంపిణీ, ఒక వాతావరణం, పాలకు కట్టిన ధర కలిసి ఆ పళ్లెం నింపాయి. జనం గుండె జబ్బులను వ్యక్తుల తప్పుల చిట్టాగా చదివే అలవాటు మనకు బాగా ముదిరింది గనుక ఇంత వివరంగా చెప్పవలసి వస్తోంది.

1971 జనవరిలో ఆ సీమ గవర్నరు ఎసా టిమొనెన్, స్థానిక పార్లమెంటు సభ్యులు, సంఘాల పెద్దలు కలిసి కేంద్ర ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. మా మగవాళ్లు చనిపోతున్నారు, ఏదో ఒకటి చెయ్యండి అన్నది దాని సారాంశం. ఆసుపత్రి కట్టించమని కాకుండా జబ్బే రాకుండా చూడమని ఒక ప్రాంతం అడగడం అరుదు. మరుసటి ఏడాది ఉత్తర కరేలియా ప్రాజెక్టు మొదలైంది. దాని పగ్గాలు పెక్కా పుస్కా అనే కుర్ర డాక్టరు చేతికొచ్చాయి. వయసు 27. వైద్యంతోపాటు రాజనీతి శాస్త్రం కూడా చదివాడు. ఆ రెండో చదువే ఎక్కువ ఉపయోగపడిందని తర్వాతి కథ చూస్తే అనిపిస్తుంది.

మొదట అందరూ చేసే పనే వాళ్లూ చేశారు. కరపత్రాలు వేశారు, సభలు పెట్టారు, ఆరోగ్య కేంద్రాల్లో నర్సులతో రక్తపోటు చూపించారు. జనం విన్నారు, తలూపారు, ఇంటికెళ్లి వెన్న రాసుకున్నారు. అప్పుడు పుస్కా బృందం మార్తా సంఘం తలుపు తట్టింది. అది పల్లెపల్లెనా శాఖలున్న గృహిణుల సంఘం. ఆ ఆడవాళ్లతో కలిసి మధ్యాహ్నం పూట దీర్ఘాయువు విందులు ఏర్పాటు చేశారు. ముందు క్లుప్తంగా నాలుగు మాటలు, ఆ తర్వాత అందరూ కలిసి వంట, భోజనం. ఇలాంటివి వందల్లో జరిగాయి.

కరేలియా వాళ్లకు మాంసం కూర ప్రాణం. మాంసం, కొవ్వు, ఉప్పు, నీళ్లు వేసి పొయ్యిలో గంటల తరబడి మగ్గబెడతారు. దాన్ని మానేయమంటే ఎవరూ వినరు. మార్తా ఆడవాళ్లు కొవ్వు మాంసం కొంత తగ్గించి, ఆ మేరకు బంగాళదుంప, క్యారెట్, టర్నిప్ జాతి దుంప వేశారు. తిన్నవాళ్లు బాగుందన్నారు. వంటకం పేరు మారలేదు, పండగ పూట దాని స్థానమూ మారలేదు. లోపలి సరుకు మాత్రం మారింది. సభల్లో సాధించలేనిది వంటింట్లో సాధ్యమైంది. అయితే ఇక్కడే ఆగి చప్పట్లు కొడితే కథ సగమే చెప్పినట్టు. ఎందుకంటే దుకాణంలో తక్కువ కొవ్వు పాలు దొరకనప్పుడు గృహిణి ఏం చేస్తుంది?

ఆ ప్రశ్న నిజమైన పోరాటానికి దారి తీసింది. స్థానిక సాసేజ్ తయారీదారు ఒకరు మొదట మొండికేశాడు. కొవ్వే రుచి, అది తీసేస్తే ఎవరు కొంటారని అతని వాదన. చివరికి కొవ్వులో కొంత భాగం తీసి పుట్టగొడుగులు కలిపాడు. ఆ అడవుల్లో పుట్టగొడుగులకు కొదవ లేదు. అమ్మకాలు పెరిగాయి. పాడి పరిశ్రమతో వ్యవహారం అంత తేలిగ్గా తెమల్లేదు. ఫిన్లండ్‌లో రైతుకు పాల ధర వెన్న శాతాన్ని బట్టి కట్టేవారు. అంటే దేశమే మరింత కొవ్వు పిండమని డబ్బిచ్చి ప్రోత్సహిస్తూ, డాక్టర్ల చేత కొవ్వు తినొద్దని చెప్పించేది. వెన్నలో నూనె కలిపి అమ్మడానికి చట్టం ఒప్పుకునేది కాదు. పత్రికల్లో వెన్న యుద్ధాలు నడిచాయి. పాడి సంఘాలకు రాజకీయ బలం ఎక్కువ. ఏళ్లు పట్టినా, పాలకు ధర కట్టే లెక్క వెన్న నుంచి మాంసకృత్తుల వైపు జరిగింది. వెన్న, నూనె మిశ్రమాల మీద నిషేధం తొలగింది. చలిదేశపు నేలలో పండే ఆవజాతి నూనెగింజ సాగు పెరిగింది. నూనె సొంత నేలలోనే పండుతోందనేసరికి దాన్ని పరాయి తిండి అని ఈసడించడం తగ్గిపోయింది.

పాడి తగ్గితే రైతు గతేమిటి? ఈ ప్రశ్నకు జవాబుగా 1985లో బెర్రీ పండ్ల పథకం మొదలైంది. ఆ అడవుల్లో, చేలల్లో స్ట్రాబెర్రీ, బ్లూబెర్రీ, కర్రంట్ బాగా పండుతాయి. వాటిని పండించడానికి, నిల్వ చెయ్యడానికి, అమ్మడానికి ప్రభుత్వం ఊతమిచ్చింది. కొందరు పాడి రైతులు బెర్రీ రైతులయ్యారు. గుండె జబ్బు నివారణ కార్యక్రమం వ్యవసాయ శాఖ తలుపు కొట్టిందన్నమాట. ఆరోగ్య శాఖకే పరిమితమైన ఏ కార్యక్రమమూ అంత దూరం వెళ్లలేదు.

పొగాకు మీద 1976లో చట్టం వచ్చి ప్రకటనలను నిషేధించింది. 1978 నుంచి జాతీయ టీవీలో పొగ మానాలనుకునే మామూలు మనుషుల్ని కూర్చోబెట్టి వారం వారం వాళ్ల అవస్థలు చూపించారు. 1990లలో ఊళ్ల మధ్య కొలెస్టరాల్ పోటీలు పెట్టారు. ఏ ఊరి సగటు ఎక్కువ తగ్గితే ఆ ఊరికి బహుమతి. ఫిన్లండ్ పల్లెల్లో మొహమాటం ఎక్కువ, మాట తక్కువ అంటారు. పక్క ఊరికన్నా ముందుండాలన్న పంతం మాత్రం వాళ్లకూ మనకూ ఒకటే.

ఎవరూ వెయ్యని ఎత్తు ఒకటి తనంతట తానే పారింది. ఫిన్లండ్ వాళ్లు కాఫీ తాగడంలో ప్రపంచంలో అందరికన్నా ముందుంటారు. పూర్వం కాఫీ పొడిని నీళ్లలో మరిగించి, వడకట్టకుండా పొడి అడుగుకు దిగాక తాగేవారు. అలా మరిగించిన కాఫీలో కాఫెస్టాల్ అనే జిడ్డు పదార్థం మిగులుతుంది, అది కొలెస్టరాల్‌ను పెంచుతుంది. 1970ల నుంచి కాగితపు వడపోత యంత్రాలు ఇళ్లలోకి వచ్చాయి. కాగితం ఆ జిడ్డును పట్టేస్తుంది. ఆరోగ్యం కోసమని ఎవరూ ఆ యంత్రం కొనలేదు. దాని వల్ల దేశం సగటు కొలెస్టరాల్ కొంత తగ్గిందని పరిశోధకులు తర్వాత లెక్కగట్టారు.

ఫలితం సంగతి. 2000ల మధ్యకు వచ్చేసరికి ఉత్తర కరేలియాలో 35–64 ఏళ్ల మగవాళ్ల గుండె మరణాలు లక్షకు 690 నుంచి 100 దాకా దిగాయి. అంటే దాదాపు 85 శాతం తగ్గుదల. 2007 నాటికి కొలెస్టరాల్ సగటు 210 దగ్గరికి వచ్చింది. పొగతాగే మగవాళ్లు 52 శాతం నుంచి 31 శాతానికి తగ్గారు. జన్యువులు అవే. తూర్పు ఫిన్లండ్ జనంలో గుండె జబ్బుకు అనుకూలించే వారసత్వం కొంత ఎక్కువేనని శాస్త్రజ్ఞులు అంటారు. ఒకటి రెండు తరాల్లో వారసత్వం మారదు కాబట్టి, మారిందంతా చుట్టూ ఉన్నదే.

ఇక్కడ సందేహించేవాళ్ల మాట కూడా వినాలి. ప్రాజెక్టు ఫలితాన్ని తూచడానికి పక్కనే ఉన్న కువోపియో సీమను పోలికకు పెట్టుకున్నారు. మొదటి ఏళ్లలో ఉత్తర కరేలియాలో మరణాలు ముందుగా, వేగంగా తగ్గాయి. తర్వాత కువోపియోలోనూ తగ్గాయి, దేశమంతటా తగ్గాయి. మరి ఇది ప్రాజెక్టు ఘనతా, కాలం తెచ్చిన మార్పా? పుస్కా వర్గం జవాబు ఏమిటంటే, 1977 తర్వాత ఈ పని దేశమంతటికీ పాకింది, టీవీకీ చట్టానికీ సీమ పొలిమేరలుండవు అని. ఈ జవాబులో బలం ఉంది. కానీ పోలిక సీమ కూడా మారిపోయాక ఎవరి వాటా ఎంతో కచ్చితంగా విడదీయలేమన్నదీ నిజమే. ఫిన్లండ్ మొత్తానికి వేసిన ఒక లెక్క మాత్రం గట్టిది. 1982 నుంచి 1997 దాకా తగ్గిన గుండె మరణాల్లో మందులు, శస్త్రచికిత్సల వాటా దాదాపు నాలుగో వంతు. సగానికి పైగా తగ్గుదల కొలెస్టరాల్, పొగ, రక్తపోటు తగ్గడం వల్ల వచ్చింది. సాధించింది శాశ్వతమనీ అనుకోనక్కర్లేదు. పిండి పదార్థాలు మానేసి వెన్న తినండనే ఫ్యాషన్ వచ్చాక, 2012 సర్వేలో అక్కడ కొలెస్టరాల్ మళ్లీ పైకి లేచింది.

ఏ కార్యక్రమమూ లేకుండానే ఇలాంటిది జరిగిన చోటూ ఉంది. పోలండ్‌లో కమ్యూనిస్టు ప్రభుత్వం పోయాక వెన్న, పందికొవ్వుల మీద సబ్సిడీ ఎత్తేశారు. బజారులోకి చవగ్గా వంటనూనెలు దిగాయి. 1991 తర్వాత మూడు నాలుగేళ్లలోనే మధ్యవయసు వాళ్ల గుండె మరణాలు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. అదే కాలంలో పక్కనున్న రష్యాలో ఉద్యోగాలు పోయి, వోడ్కా పెరిగి, 1994లో మగవాళ్ల సగటు ఆయుర్దాయం 58 ఏళ్ల లోపుకు పడిపోయింది. ఒకే రకం రాజకీయ కుదుపు ఒకచోట గుండెను కాపాడి, ఇంకోచోట ఆపేసింది.

తిండి, పొగ సరే. సమాజంలో మనిషి స్థానం మాటేమిటి? 1967లో లండన్‌లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం దీన్ని సూటిగా అడిగింది. దాదాపు 18,000 మంది ప్రభుత్వోద్యోగులు, అందరూ మగవాళ్లే. కడు పేదలు లేరు, నిరుద్యోగులు లేరు, వైద్యం అందరికీ ఉచితం. అయినా కింది మెట్టులో ఉన్న బంట్రోతులు, ద్వారపాలకుల్లో గుండె మరణాలు పై అధికారులకన్నా మూడు రెట్లకు పైనే. పొగ, రక్తపోటు, కొలెస్టరాల్ అన్నీ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడాలో సగం కూడా పూడలేదు. మైకేల్ మార్మట్ నడిపిన తర్వాతి పరిశోధనలు పని మీద అదుపు లేకపోవడం వైపు వేలు చూపాయి. నీ పని ఎప్పుడు, ఎలా చెయ్యాలో నువ్వు నిర్ణయించుకోలేకపోవడం ఏళ్ల తరబడి ఒంటి మీద పనిచేస్తుందని వాటి సారం. బాస్ అరుపులకు బీపీ పెరుగుతుందని మన ఆఫీసుల్లో అనుకునే మాటకు కాస్త శాస్త్రం తోడైనట్టే.

ఇక గోదావరి గట్టుకు వద్దాం. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో, దాదాపు 1,80,000 జనాభాలో, ఒక ఏడాది పాటు జరిగిన ప్రతి చావుకూ కారణం రాబట్టారు. ఇంటింటికీ వెళ్లి లక్షణాలు అడిగి రాసుకోవడం, వాటిని డాక్టర్లు చదివి కారణం తేల్చడం పద్ధతి. పల్లె అంటే అంటురోగాలే అనుకునే రోజులవి. తీరా చూస్తే గుండె, రక్తనాళాల జబ్బులే 32 శాతం చావులకు కారణం. అందులో గుండెపోటుదీ పక్షవాతానిదీ ఇంచుమించు సమాన వాటా. అంటురోగాల వాటా 12 శాతం. కాకతాళీయమే గానీ, ప్రాజెక్టు మొదలైన నాటి ఉత్తర కరేలియా జనాభా కూడా అటూ ఇటూగా లక్షా ఎనభై వేలే.

మన పళ్లెంలో వెన్న ముద్దలు లేవు. తెల్లన్నం, పచ్చడి, ఊరగాయ, మజ్జిగలో ఇంకాస్త ఉప్పు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో మూత్ర పరీక్షల ద్వారా తేల్చిన లెక్క ప్రకారం మనిషి రోజుకు తొమ్మిది గ్రాముల పైచిలుకు ఉప్పు తింటున్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత అయిదు గ్రాములు. ఇక నూనె. పామాయిల్ మన వంటింట్లోకి రుచి వల్ల రాలేదు, ధర వల్ల వచ్చింది. రేషను షాపు దాన్ని ఇంటింటికీ చేర్చింది. 2013లో ఉమ్మడి రాష్ట్రం 185 రూపాయలకు తొమ్మిది సరుకులిచ్చిన అమ్మహస్తం సంచిలో కూడా పామాయిల్ ప్యాకెట్టు ఉంది. పామాయిల్ మీద 20 శాతం పన్ను వేస్తే దేశంలో పదేళ్లలో 3,63,000 గుండె, పక్షవాత మరణాలు తప్పవచ్చని అదే ఏడాది ఒక గణిత నమూనా అంచనా కట్టింది. పన్ను వేస్తే పేదింట్లో తిండికే కొరత రావచ్చన్న హెచ్చరికా ఆ పరిశోధకులే ఇచ్చారు. ఒక్క పన్నుతో పని కాదు. కరేలియాలో రైతుకు బెర్రీ చూపించినట్టు ఇక్కడ పేదింటికి వేరే నూనె చవగ్గా చూపించాలి.

గుండె కథ ఎంత ముందు మొదలవుతుందో హైదరాబాదు శివారు పల్లెలు చెబుతాయి. 1987 నుంచి 1990 దాకా జాతీయ పోషకాహార సంస్థ 29 పల్లెల్లో ఒక ప్రయోగం చేసింది. కొన్ని పల్లెల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అంగన్‌వాడీ ద్వారా రోజూ ఉప్మా పెట్టారు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండి, సోయా నూనెతో వండిన ఉప్మా. మిగతా పల్లెలకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. అప్పుడు కొలిచింది పుట్టిన పిల్లల బరువు. ఆ పిల్లలు 13–18 ఏళ్ల వాళ్లయ్యాక మళ్లీ వెళ్లి చూశారు. ఉప్మా తిన్న పల్లెల పిల్లలు 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు పెరిగారు. అది చిన్న సంగతి. వాళ్ల ధమనులు తక్కువ బిరుసుగా ఉన్నాయి, ఇన్సులిన్ మాట ఒళ్లు బాగా వింటోంది. తల్లి కడుపులో ఉండగా, పసితనంలో దొరికిన ఒక ముద్ద పదిహేనేళ్ల తర్వాత రక్తనాళంలో కనబడింది. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం బడ్జెట్టును గుండె జబ్బుల ఖర్చుగా ఎవరూ రాయరు. రాయవలసిందే.

అవే పల్లెల్లో పరిశోధకులు తర్వాత గాలిని కూడా కొలిచారు. నగరం నీడ పడిన ఆ ఊళ్లలో సన్నధూళి ఏడాది సగటు ఘనపు మీటరుకు 33 మైక్రోగ్రాముల దాకా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు చెబుతున్న పరిమితి అయిదు. ధూళి ఎక్కువ పీల్చేవాళ్లలో మెడ ధమని గోడ ఎక్కువ మందంగా కనబడింది, కట్టెల పొయ్యి మీద వండే ఆడవాళ్లలోనూ అంతే. ఆ గోడ మందం గుండెపోటుకు ముందు నడిచే గుర్తు. పొగ ఎవరి ఇష్టప్రకారమూ ఊపిరితిత్తుల్లోకి పోదు. దీనికి ఏ ఆహార నియమం చెప్పి పంపుతారు?

మళ్లీ ఉప్పు సంగతికి వస్తే, ఫిన్లండ్ 1993లో ఉప్పు మితిమీరిన తిండి ప్యాకెట్ల మీద ఆ మాట రాసి తీరాలని చట్టం తెచ్చింది. ఆ రాత పడకుండా తప్పించుకోవడానికి రొట్టెలు, సాసేజ్‌లు చేసేవాళ్లే ఉప్పు తగ్గించుకున్నారు. మన దగ్గర 2022 సెప్టెంబరులో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ప్యాకెట్ ముందు భాగంలో నక్షత్రాల గుర్తులు పెట్టాలని ముసాయిదా వెలువరించింది. నక్షత్రాలు చూస్తే ఉప్పు దట్టించిన చిప్స్ కూడా కొంత మంచివేనని భ్రమ కలుగుతుందని, సూటిగా హెచ్చరిక రాయాలని ప్రజారోగ్య నిపుణులు పట్టుబట్టారు. ఉత్తర కరేలియా అనుభవం చూసినవాళ్లెవరైనా ఈ వాదనలో హెచ్చరిక పక్షమే వహించాలి.